విప్పిన చేతులే బిగించాలి

పొగ రంగు చూసి బండి ఆరోగ్యం చెప్పేవాళ్లు కోనసీమలో ఊరికి ఒకరైనా ఉంటారు. ఎదురొచ్చిన పికప్ వ్యాను దాటిపోయాక ఓసారి వెనక్కి తిరిగి చూసి, 'నీలంగా వదులుతోంది, రింగులు అయిపోయాయి' అంటారు. నల్ల పొగైతే నాజిళ్లో, ఎయిర్ ఫిల్టరో, మోయలేని లోడో కారణం. తెల్ల పొగ ఆగకుండా వస్తూ రేడియేటర్లో నీళ్లు తరుగుతుంటే హెడ్డు గ్యాస్కెట్ మీద అనుమానం. రోడ్డు పక్కన నిలబడి చెప్పిన ఈ జోస్యాలు చాలావరకు ఫలిస్తాయి. ఫలించాక బండి యజమాని ముందు రెండు దారులుంటాయి. రాజమహేంద్రవరమో కాకినాడో తీసుకెళ్లి కంపెనీ వర్క్‌షాపులో అప్పజెప్పడం ఒకటి. పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య టార్పాలిన్ కట్టి ఇంజన్ దించుకోవడం రెండోది. ఈ రెండో దారి కోనసీమలో ఇంకా మూసుకుపోలేదు. ఎన్నాళ్లు తెరిచి ఉంటుందన్నదే ఇప్పుడు ఆలోచించాల్సిన సంగతి.

పికప్ వ్యాను ఇక్కడ హోదా కోసం కొనేది కాదు. అంబాజీపేట మార్కెట్‌కు కొబ్బరికాయ, రావులపాలెం మార్కెట్‌కు అరటిగెల, రాజోలు వైపు చెరువుల నుంచి రొయ్య, కొత్తపేట లంకల నుంచి కూరగాయ అన్నీ దాని మీదే కదులుతాయి. టాటా మొబైల్ 207, ఆ తరవాత మహీంద్రా పికప్‌లు, 2005లో వచ్చిన టాటా ఏస్ కలిసి ఎడ్లబండ్లు నడిచే పుంతల్లోకి కూడా డీజిల్ ఇంజన్‌ను తీసుకొచ్చాయి. తొలి ఏస్ ఇంజన్‌కు రెండే సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్‌పవర్. దాని మీద వేసే బరువు మాత్రం ఆ అంకెలు చదువుకుని వేసేది కాదు.

ఇక్కడి నీళ్లూ గాలీ కూడా ఇంజన్‌ను అంత గారం చేయవు. సముద్రం దగ్గరి మండలాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కూలెంట్‌కు డబ్బు దండగ అని అవే నీళ్లు రేడియేటర్లో పోస్తే, హెడ్డు లోపలి నీటి దారులు తుప్పుతో, గారతో పూడుకుపోతాయి. కోతల నాటి దుమ్ము, కొబ్బరిపీచు నలుసు ఎయిర్ ఫిల్టర్‌ను మూసేస్తాయి. ఫిల్టర్ చిరిగిందా, ఆ దుమ్ము నేరుగా సిలిండర్లోకి దిగి రింగుల్నీ లైనర్లనూ అరగదీస్తుంది. ఆయిల్ మార్చాల్సిన గడువు సరిగ్గా సీజన్ మధ్యలో వస్తుంది. 'ఈ ట్రిప్పు అయ్యాక చూద్దాం' అనుకుంటారు. ఆ ట్రిప్పు తరవాత ఇంకో ట్రిప్పు ఉంటుంది. ఇలాంటి వాయిదాలన్నీ కూడబలుక్కుని ఒకరోజు పెరట్లో టార్పాలిన్ కట్టిస్తాయి.

ఇంటి దగ్గర ఇంజన్ విప్పుకునే అలవాటు ఈ సీమకు సరదాగా అబ్బింది కాదు. గోదావరి పాయలు చుట్టూ, సముద్రం ఒక పక్కన. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన వచ్చింది 2002లో. అంతకుముందు అమలాపురం నుంచి కాకినాడ వెళ్లాలంటే రేవు దాటాలి, లేదంటే రావులపాలెం మీదుగా చుట్టు తిరగాలి. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి, ముక్తేశ్వరం వైపు నుంచి కోటిపల్లికి పంటు మీద దాటడం ఇక్కడివాళ్లకు అలవాటైన ప్రయాణం. స్పేరు పార్టు అవతలి ఒడ్డున, ఆగిపోయిన బండి ఇవతలి ఒడ్డున ఉంటే మనిషి తన చేతులనే నమ్ముకోవాలి. పొలం గట్టున నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్ నాట్ల రోజుల్లో మొరాయిస్తే మెకానిక్ వచ్చేదాకా మడి ఆగదు. ఒకే సిలిండర్ ఉన్న ఆ ఇంజనే ఎందరికో డీజిల్ చదువులో పెద్ద బాలశిక్ష. గాలి, డీజిల్, ఒత్తిడి అన్న మూడు ముక్కలూ అందులో వంటబట్టించుకున్నవాడు నాలుగు సిలిండర్ల పికప్ ఇంజన్ ముందు బెదరడు.

విప్పడానికో వరస ఉంది. ముందు బ్యాటరీ వైరు ఊడదీస్తారు. నీళ్లు, ఆయిల్ దించుతారు. రేడియేటరు, సైలెన్సరు పైపు, డీజిల్ పైపులు, వైర్లు ఒక్కొక్కటే విడిపోతాయి. ఊడదీసిన ప్రతి పైపు మూతికీ గుడ్డ చుడతారు, లోపలికి ఇసుక రేణువు కూడా పోకూడదు. బరువుకు ఆగుతుందో లేదో చూసుకుని దూలానికి చైన్ పుల్లీ వేస్తారు. వేలాడుతున్న ఇంజన్ కింద చెయ్యి పెట్టకూడదన్నది కుర్రాళ్లకు నేర్పే మొదటి పాఠం. పార్టులు కడగడానికి వంటింట్లోంచి ఒక పాత బేసిన్ వస్తుంది. అది మళ్లీ వంటింటి గడప తొక్కదు. నేల మీద పాత పేపర్లు పరిచి ఒకటో సిలిండరు సామాను ఒక పేజీ మీద, రెండోదానిది ఇంకో పేజీ మీద పెడతారు. సంపాదకీయాలు అంత సూటిగా అక్కరకొచ్చే సందర్భాలు తక్కువే.

అసలు నేర్పు పానా తిప్పడంలో కాదు, తీసిన వస్తువు ఎక్కడిదో మర్చిపోకపోవడంలో ఉంటుంది. అట్టముక్కకు వరసగా చిల్లులు పొడిచి, పక్కన అంకెలు వేసి, పుష్‌రాడ్లను ఒక్కొక్కటిగా అందులో గుచ్చుతారు. ఏ వాల్వు దగ్గర అరిగిన రాడ్డు ఆ వాల్వు దగ్గరికే తిరిగి వెళ్లాలి. కనెక్టింగ్ రాడ్ల కింది క్యాపులు చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఒకదాని క్యాపు ఇంకోదానికి సరిపోయినట్టే కనిపిస్తుంది, సరిపోదు. రాడ్డునూ క్యాపునూ జతగా బిగించి బోరు చేస్తారు కాబట్టి ఆ జత విడిపోకూడదు. అందుకే వాటి మీద అంకెలు కొట్టి ఉంటాయి. అంకెలు చెరిగిపోతే విప్పేముందే పంచితో చుక్కలు పెట్టుకుంటారు. ఈ తరం కుర్రాళ్లు అడుగడుగునా ఫోన్లో ఫొటో తీసుకుంటున్నారు. పద్ధతి మారినా జాగ్రత్త అదే. తొందర మనిషి ఈ పనికి పనికిరాడు. లేదా, ఈ పని చేశాక తొందర మనిషిగా మిగలడు.

విప్పడం తేలిక, బిగించడం కష్టమన్న మాట ఇంజన్లకు మాత్రమే పరిమితం కాదు. 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి రైలు మార్గాన్ని రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలంటూ 1940లో పీకేశారు. ఆ దారిలో మళ్లీ రైలు నడిచింది 2004లో. దాన్ని గోదావరి దాటించి అమలాపురం మీదుగా నరసాపురం చేర్చే పని ఇంకా సాగుతూనే ఉంది. సర్కారు విప్పినదాన్ని తిరిగి బిగించడానికి అరవై నాలుగేళ్లు పట్టినా అడిగినవాడు లేడు. పెరట్లో విప్పినవాడికి అంత వ్యవధి ఉండదు. నెల తిరిగేసరికి ఫైనాన్సు వాయిదా గుమ్మంలో నిలబడుతుంది.

విప్పాక ఇంజన్ తన యజమాని చరిత్ర చెప్పడం మొదలుపెడుతుంది. సిలిండరు లోపలి గోడను చూపుడువేలి గోటితో పైకి రాస్తూ వెళ్తే, అంచుకు కొంచెం కింద ఒక సన్నని గట్టు తగులుతుంది. పైరింగు అక్కడిదాకానే వెళ్లి తిరిగొస్తుంది కాబట్టి కిందంతా అరిగి, పైన అరగని లోహం అలా మిగిలిపోయింది. గోరు ఆ గట్టు దగ్గర తడబడిందంటే ఉత్త రింగులు మారిస్తే లాభం లేదని అర్థం. బేరింగు షెల్లు మీద బూడిదరంగు పొర పోయి రాగిరంగు తేలితే ఆయిల్ సరిగా అందలేదు, లేదా మురికి ఆయిల్‌తో నడిపారు. హెడ్డును పక్కకు వాల్చి, వాల్వులు మూసి ఉన్న చోట పోర్టుల్లో కిరసనాయిలు పోస్తే కాసేపటికి వాల్వు అంచున తడి ఊరుతుందో లేదో తెలుస్తుంది. ఊరితే ఆ వాల్వు సీటు మీద కూర్చోవడం లేదు, పేస్టు పూసి రుద్దాలి. ఇక్కడ మాటకారితనం పనిచేయదు. బండి అమ్మేటప్పుడు 'ఇంజన్ బంగారమండి' అని ఎవరు ఎంత నొక్కి చెప్పినా, గోటికి తగిలిన గట్టు మాట మార్చదు.

ఇంత దూరం వచ్చాక ఇంటి దగ్గర పని ఆగుతుంది. మంచి పనివాడి లక్షణం అక్కడే బయటపడుతుంది. సిలిండర్లు బోరు చేయడం, క్రాంకును గ్రైండింగ్ పట్టడం, హెడ్డు చదును చేయడం పెరట్లో అయ్యేవి కావు. వాటిని లేత్ షాపుకు తీసుకెళ్లాలి. ఫ్యూయెల్ పంపు, నాజిళ్లు వాటికంటూ ఉన్న పంపు షాపుకు వెళ్లాలి. పంపు లోపలి ప్లంజర్లు వేళ్ల మురికిని కూడా భరించవు. లేత్ షాపులో కొలత ఇంకా అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలోనే నడుస్తుంది. 'పదికి పోయింది', 'ఇరవైకి పట్టాలి' అంటే తెలిసినవాళ్లకు తెలుస్తుంది. అక్కడ మాటలు కూడా కోనసీమ మర్యాదలోనే ఉంటాయి. 'బాబాయి గారూ, ఇంకో సైజుకి వెళ్తదాండీ?' అని కుర్రాడు బ్లాకు దించుతూ అడుగుతాడు. నెరిసిన జుట్టు టర్నరు మైక్రోమీటరు కంటి దగ్గరికి తెచ్చుకుని, 'ఆయ్, వెళ్తదండీ. ఇదే ఆఖరు. మళ్లీ వచ్చినప్పుడు లైనర్లు వేయించుకోవడమేనండి' అంటాడు. తనకంటే ముప్ఫయ్యేళ్లు చిన్నవాడికి 'అండి' అంటాడు. అబద్ధం మాత్రం చెప్పడు.

ఇంటి దగ్గర ఇంజన్ చేసుకున్నాం అనే మాటలో 'ఇల్లు' అంటే ఒక్కడి చెయ్యి కాదు. పెరట్లో విప్పినవాడు, లేత్ షాపు టర్నరు, పంపు షాపు పనివాడు, సామాను అరువిచ్చిన స్పేర్ పార్టుల దుకాణం, చైన్ పుల్లీ ఎరువిచ్చిన షెడ్డు, రాత్రి పదింటికి టార్చిలైటు పట్టుకున్న ఇంట్లోవాళ్లు అందరూ అందులో ఉంటారు. తన చెయ్యి ఎంతవరకు వెళ్తుందో, ఎక్కణ్నుంచి ఇంకొకరి చేతికి అప్పగించాలో తెలియడమే పనితనం. అన్నీ నాకే వచ్చనుకున్నవాడు పంపు విప్పి పాడు చేస్తాడు. ఏదీ నాకు రాదనుకున్నవాడు నట్టు బిగించడానికి కూడా డబ్బు కడతాడు. ఈ రెంటికీ మధ్య ఉన్న గీత ఎవరికి వారు పనిలో పడి తెలుసుకోవలసిందే.

తిరిగి బిగించేటప్పుడు ఇంకో ఓపిక కావాలి. కొత్త రింగును ముందు ఒంటరిగా సిలిండర్లోకి దింపి, పిస్టన్ తలతో తిన్నగా నెట్టి, రెండు కొసల మధ్య ఖాళీని ఫీలర్ గేజితో చూస్తారు. మిల్లీమీటరులో మూడు నాలుగు పదో వంతులు అటూ ఇటూగా ఉండాల్సిన ఖాళీ అది. ఆ ఖాళీ లేకపోతే వేడికి రింగు పెరిగి కొసలు ఒరుసుకుని సిలిండర్‌ను చీరేస్తుంది. పిస్టన్ మీద రింగుల కోతలన్నీ ఒకే వరసలోకి రాకుండా తలా ఒక దిక్కుకు తిప్పుతారు. హెడ్డు బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి అంచుల వైపు, అటొకటి ఇటొకటిగా, ఒకేసారి కాకుండా రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచి చెప్పినంతే బిగిస్తారు. చేతిలో బలం ఉంది కదా అని ఒక మూల లాగి బిగిస్తే హెడ్డు వంగుతుంది, కొత్త గ్యాస్కెట్టూ పోతుంది. ఎక్కువ బిగిస్తే గట్టిగా ఉంటుందనే నమ్మకం ఇంజన్ దగ్గర చెల్లదు.

ఇక స్టార్టు చేసే రోజు. డీజిల్ పైపుల్లో గాలి ఉన్నంతసేపూ ఇంజన్ అందుకోదు. ఫిల్టరు దగ్గరి స్క్రూ వదులు చేసి చేతి పంపు నొక్కుతుంటే ముందు నురగ, తరవాత బుడగలు, చివరికి స్వచ్ఛమైన డీజిల్ వస్తాయి. అప్పుడు స్క్రూ బిగించి సెల్ఫు కొడతారు. ఒకటి రెండు సార్లు దగ్గినట్టు దగ్గి, తెల్ల పొగ వదిలి, అందుకుంటుంది. పెరట్లో ఉన్నవాళ్లందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెడతారు. ఆయిల్ లైటు ఆరిందా లేదా అని చూసేవాడే అసలు మెకానిక్. నడిచింది కదా అని మర్నాడే కొబ్బరికాయల లోడు వేయకూడదు. కొత్త రింగులు సిలిండరుతో కుదురుకునేదాకా మొదటి కొన్ని వందల కిలోమీటర్లు తేలిగ్గా తిప్పి, ఆ ఆయిల్ దించేసి కొత్తది పోయాలి.

చేయడం ఎంత విద్యో చేయకుండా ఆగడమూ అంతే విద్య. 2022 జులై వరదల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వరద తీసిన తరవాత మునిగిన బండి తాళం తిప్పి చూడాలని ఎవరికైనా చెయ్యి ఊరుతుంది. ఆ తాళమే కొంప ముంచుతుంది. డీజిల్ ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. గాలిని ఇరవయ్యో వంతుకు, ఆ దరిదాపులకు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. 350 సీసీ సిలిండర్లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే జాగా 20 సీసీ కూడా ఉండదు. గాలి నలుగుతుంది గానీ నీళ్లు నలగవు. ఆ జాగాను మించి నీళ్లుంటే, అంటే నాలుగైదు చెంచాల నీళ్లకే, పిస్టన్ సగం దారిలో గోడకు కొట్టుకున్నట్టు ఆగి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. తెలిసినవాడు తాళం జోలికి పోడు. ముందు నాజిళ్లు ఊడదీసి, ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పి, నీళ్లు బయటికి పంపి, ఆయిల్, ఫిల్టర్లు మార్చి అప్పుడు ఆలోచిస్తాడు. ఆ నిగ్రహం వేల రూపాయలు మిగులుస్తుంది.

అలాగే దించిన పాత ఆయిల్ సంగతి. కోనసీమలో చాలా ఊళ్లకు తాగునీరు పంట కాలవల నుంచే వస్తుంది. ఆ కాలవ గట్టునే పెరడు, ఆ పెరట్లోనే నల్లటి ఆయిల్ డబ్బా. చీకటి పడ్డాక కాలవలో వంపేస్తే ఎవరూ చూడరు. ఒక గ్యాలన్ వాడిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చాలాకాలంగా చెబుతోంది. మన నిబంధనల ప్రకారమూ అది ప్రమాదకర వ్యర్థమే. డబ్బాలో పట్టి, మూత బిగించి, పాత ఆయిల్ కొనేవాళ్లకు అప్పగించడం పెద్ద పనేం కాదు. ఇంజన్ ఇంట్లో విప్పుకునే స్వేచ్ఛ కావాలనుకునేవాడు దాని మురికిని ఊరి మీదకు వదలకూడదు.

ఈ స్వేచ్ఛ గురించి ఇంజన్ పుట్టించినవాడికీ ఒక ఆలోచన ఉండేది. రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో పుట్టిన జర్మన్ ఇంజనీరు. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో తన ఇంజన్‌ను విజయవంతంగా నడిపి చూపాడు. ఆవిరి యంత్రం డబ్బున్న ఫ్యాక్టరీలకే అందుతోంది, చిన్న చేతిపనివాళ్లు దాని ముందు నిలవలేకపోతున్నారు, వాళ్ల చేతికీ అందే యంత్రం కావాలి అనుకున్నవాడు. 1903లో సమాజ సంఘీభావం మీద ఒక పుస్తకమూ రాశాడు. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లండ్ వెళ్తున్న ఓడ మీంచి మాయమయ్యాడు. ఆయన ఇంజన్ మొదట పెద్ద పెద్ద కర్మాగారాలకు, ఓడలకే వెళ్లింది. చిన్నవాడి చేతికి రావడానికి దశాబ్దాలు పట్టింది. కొత్తపేట పెరట్లో చైన్ పుల్లీకి వేలాడుతున్న పికప్ ఇంజన్‌ను ఆయన చూసి ఉంటే తన లెక్క ఆలస్యంగానైనా కుదిరిందనుకునేవాడేమో.

పారిస్‌లో 1900 నాటి ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపారు. ఆ సంగతి దాదాపు మరుగున పడ్డాక, తొంభై ఏళ్లకు పసిఫిక్ సముద్రంలో, పపువా న్యూగినీకి చెందిన బోగన్‌విల్ దీవి జనం దాన్ని మళ్లీ తమంతట తాము కనిపెట్టుకున్నారు. తిరుగుబాటు మూలంగా 1990 నుంచి దీవిని దిగ్బంధం చేశారు. డీజిల్ చుక్క రాదు. చుట్టూ కొబ్బరిచెట్లు. వాళ్లు కొబ్బరినూనె తీసి పికప్ బండ్లు నడిపారు. కొబ్బరినూనె ఇరవై నాలుగైదు డిగ్రీలకే పేరుకుంటుందని కోనసీమలో పుష్యమాసం తలస్నానాలు చేసినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. వేడి దీవిలో వాళ్లకు ఆ చిక్కు అంతగా రాలేదు. ఈనాటి, కంప్యూటరు అదుపులో నడిచే కామన్ రైల్ ఇంజన్లో అలాంటి ప్రయోగం చేస్తే ఇంజన్ చేతికి రాదు గనక ఎవరూ దిగకపోవడమే మంచిది. ఇక్కడ గమనించాల్సింది నూనెను కాదు. నలువైపులా నీళ్లున్న చోట, బయటి సాయం అందని రోజుల్లో, లోపల ఏముందో తెలిసిన మనుషులే బండి కదిలించారు.

ఆ లోపల ఏముందో తెలుసుకునే వీలు ఇప్పుడు తగ్గిపోతోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. పాత నాజిల్ 200 బార్ అటూ ఇటూ ఒత్తిడికి తెరుచుకుంటే, వాటికి తగ్గట్టు వచ్చిన కొత్త ఇంజన్ల కామన్ రైల్లో ఆ ఒత్తిడి వెయ్యి దాటి రెండు వేల బార్ దరిదాపులకు వెళ్తుంది. అంత ఒత్తిడిలో పైపు వదులు చేసి చెయ్యి అడ్డం పెడితే సన్నని డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. బయటికి చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాల్సిన గాయమది. ఎంత డీజిల్, ఏ క్షణాన చల్లాలో కంప్యూటరు చెబుతుంది. లోపం వస్తే అంకెల్లో చెబుతుంది. ఆ అంకెలు చదివే పరికరం, సాఫ్ట్‌వేరు కంపెనీ వర్క్‌షాపులో ఉంటాయి. పెరట్లో కుర్రాడు ఇంజన్ నిక్షేపంగా బిగించినా, కొత్త ఇంజెక్టరు కోడ్ ఎక్కించడానికి బండిని లాక్కుని వెళ్లాల్సిన రోజులొచ్చాయి.

అందుకని పాత పొగే మేలనడం తగదు. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. ఆ పొగ ముందుగా పీల్చింది మెకానిక్‌లే, డ్రైవర్లే. కొత్త డీజిల్లో గంధకం పదిలక్షల పాళ్లలో పది పాళ్లకు తగ్గింది, పొగలో మసి తగ్గింది. ఇది వదులుకోదగిన మేలు కాదు. గొడవ కంప్యూటరుతో కాదు, దానికి వేసిన తాళంతో. లేత్ షాపు దగ్గర ఇంటి పని ఆగినప్పుడు ఆపింది నైపుణ్యం. ఆ హద్దును పనివాడే గుర్తించి, గౌరవించి, ఇంకొకరి చేతికి అప్పగించాడు. కొత్త ఇంజన్ దగ్గర అతణ్ని ఆపుతున్నది అలాంటి హద్దు కాదు. నేర్చుకుందామన్నా పుస్తకం ఇవ్వరు, కొందామన్నా పరికరం అందుబాటు ధరలో ఉండదు. చేతకాక ఆగడానికీ చేయనివ్వక ఆగడానికీ చాలా తేడా ఉంది.

ఈ తేడా ప్రపంచమంతా గుర్తిస్తోంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం వాహనాల మరమ్మతు సమాచారం బయటి మెకానిక్‌లకూ ఇవ్వాలని 2012లోనే చట్టం తెచ్చుకుంది. ట్రాక్టర్ల మరమ్మతును తన డీలర్ల చేతుల్లోనే ఉంచుకుంటోందంటూ జాన్ డీర్ కంపెనీ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో దావా వేసింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీని వేసి, ఆ ఏడాది చివర్లో ఒక పోర్టల్ కూడా తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలోకి వచ్చాయి. దారి చూపడం వరకూ బాగానే ఉంది. ఆ దారి అమలాపురం షెడ్లదాకా రావాలి.

అది రావడానికి పెద్ద విప్లవాలు అక్కర్లేదు. ఐటీఐల్లో ఏడాది చదివే డీజిల్ మెకానిక్ కోర్సులో పిస్టన్ రింగులతో పాటు స్కానరు చదవడమూ చేతికి రావాలి. షెడ్డుకు ఒకటి కొనలేకపోతే పది షెడ్లు కలిసి వాడుకునేలా మండలానికొక స్కానరు ఉండొచ్చు. బండి అమ్మినప్పుడు రంగురంగుల బ్రోచరు తెలుగులో ఇవ్వగలిగిన కంపెనీలకు, ఏ బోల్టు ఎంత బిగించాలో చెప్పే సర్వీసు పుస్తకం తెలుగులో అచ్చువేయడం అసాధ్యమేమీ కాదు. పొగ ఫిల్టర్లూ పొల్యూషన్ పరికరాలూ పీకేసే దొంగ మరమ్మతులను పట్టుకోవాల్సిందే. ఆ సాకుతో నిజాయతీగా పనిచేసే చేతులకు సంకెళ్లు వేయడం మాత్రం సబబు కాదు.

ఏ పని తన చేతికి వచ్చో, ఏది రాదో తేల్చుకునే అవకాశం పనివాడికే ఉండాలి. చదవడానికి పుస్తకం, చూడటానికి పరికరం ఇచ్చాక కూడా 'ఇది మా వల్ల కాదండి, కంపెనీకే తీసుకెళ్లండి' అని షెడ్డువాడే చెబితే అందులో చిన్నతనం లేదు. లేత్ షాపు బాబాయి 'ఇదే ఆఖరు సైజండి' అని నిజం చెప్పినట్టే అతనూ చెబుతాడు. ఆ మాట అతని నోటి నుంచి రావాలే తప్ప అతని తరఫున తాళం చెప్పకూడదు.